మొగుడి కడియం

41వ రోజు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మా ఊళ్లో కరణం ఉండగా ఇంకొకడు కలం పట్టుకోవడం దండగ. ఎవరు ఎన్నిసార్లు దగ్గారో, ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుందో అంతా కరణమే రాసుకుంటుంది. కరణమంటే మనిషి కాదు. ఊరిని నడిపే సరంగు గారి గది కింద చన్నీళ్ల తొట్టిలో కూర్చున్న యంత్రం. పూర్వం ఊళ్లలో కరణాలని ఉండేవారట. వాళ్ల రాతకి తిరుగులేదట, ఎవరి మాటా వినేవారు కారట. దీనికి ఆ పేరు ఎవరు పెట్టారోగాని తెలిసే పెట్టారు.

అయినా రాస్తున్నానంటే అది డాక్టర్ సువార్త చలవ. నిన్న తొడుగు కుట్టించుకోవడానికి వచ్చి, అరగంటసేపు నా సోది విని, "బాబాయ్, నువ్వు చెప్పేదంతా గాలికి పోతోంది, కాగితం మీద పెట్టు" అంటూ పాత ఆటుపోట్ల పట్టికల కట్ట ఒకటి నా ఒళ్లో పడేసింది. కాగితాల వెనకవైపు ఖాళీ. తప్పించుకోవడానికి సాకు దొరకలేదు.

నా పేరు సూరాడ గురన్న. డెబ్భై ఒకటి నిండాయి. బడి మొహం చూడలేదు. పంపుసెట్ల పుస్తకాలు ముందేసుకుని చదువు నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఏ కథ చదివినా చివర్లో "మరమ్మతులు" అనే అధ్యాయం ఉంటుందేమోనని వెతుకుతాను. ఏడో పంటులో అందరి చేతులకీ ఉండే కొలత కడియాలు బాగుచేయడం నా పని. పంట్లంటే ఒకప్పుడు గోదావరి దాటించిన బల్లకట్లు. ఇప్పుడు దాటి చేరడానికి ఒడ్డు లేదు. అందుకని వాటినే గొలుసులతో కలిపి, చుట్టూ తెప్పల మీద ఇళ్లు గొలుసులతో కట్టుకుని కాపురాలు చేస్తున్నాం.

డాక్టరమ్మ తొడుగు గురించి చెబుతున్నాను కదా. ఉప్పుదగ్గు మొదలయ్యాక (నేను రోజులు లెక్కపెట్టేది అప్పట్నుంచే) పై నుంచి వచ్చిన తొడుగులన్నీ ఆరడుగుల మగాడి కొలత. ఆమె అయిదడుగులు కూడా లేదు. వేసుకుంటే భుజాల దగ్గర సంచిలా వేలాడుతుంది, మణికట్టు దగ్గర వేలు దూరేంత సందు. ఆ సందులోంచే రోగం వస్తుందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. మూడుసార్లు కుట్టు వేశాను, మూడుసార్లూ ఊడింది. పెద్ద డాక్టర్లు ఇద్దరున్నారు. వాళ్లకి తొడుగు అతికినట్టు సరిపోయింది. కాకపోతే వాళ్లు సరంగు గారి పంటు దిగరు, రోగులతో తెర మీదే మాట్లాడతారు. ఇంటింటికీ తిరిగేది సువార్త, ఆమె వెంట ఇద్దరు నర్సమ్మలు.

44వ రోజు

పొద్దున గంట కొట్టగానే ఎవరి ఇంటి ముందున్న గుంజకి వాళ్లు కడియం ఆనించాలి. ఒంటి వేడి, ఊపిరి, నాడి కరణానికి చేరతాయి. గుంజ మీద ఆకుపచ్చ దీపం వెలిగితే బాగున్నట్టు. నారింజ వెలిగితే జ్వరం. ఊపిరి పడిపోయి ఎరుపు వెలిగితే గాలి సీసా వస్తుంది. ఇంటిపెద్దకి నారింజ వెలిగితే ఉప్పుమిల్లు గేటు తెరుచుకోదు. మిల్లుకి పోకపోతే ఆ ఇంటికి మంచినీళ్లు సగానికి సగం. ఇంటిపెద్దంటే మగాడే. ఆడవాళ్లు వలలల్లినా, నాచు ఎండబెట్టినా, పిల్లల్ని కన్నా నీళ్ల వాటాలోకి రాదు. అందువల్ల ఆడమనిషి దీపం ఏ రంగు వెలిగినా ఇంట్లో కుండకి లోటు ఉండదు. ఈ ముక్క ఒక్కటి గుర్తుంచుకోవాలి.

ఇవాళ డాక్టరమ్మ మా చెల్లెలు నూకాలు ఇంటికి వెళ్లింది. నేను అక్కడే గుంజ తుడుస్తున్నాను. ఈ వారం జ్వరం వచ్చినవాళ్లు ఇరవై తొమ్మిది మందని, అందులో ఇరవై ఏడుగురు ఆడవాళ్లేనని కరణం జాబితా. నూకాలు పేరు కూడా ఉంది. తీరా చూస్తే నూకాలు రోట్లో ఎండుచేపలు దంచుతోంది. దాని మొగుడు కామేశు, మిల్లు వేళ అయ్యేదాకా, మూల బొంతలో ముడుచుకుని గజగజలాడుతున్నాడు.

"జ్వరం నీకేనా అమ్మా?" అంది డాక్టరమ్మ.

"నాకేనండి."

"మరి ఆయనెందుకు వణుకుతున్నాడు?"

"నాకు జొరమొచ్చిందని బెంగెట్టుకున్నాడండి."

కామేశు తల్లి అప్పాయమ్మ గడపలో కూర్చుని నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. నూకాలు చేతి కడియం వంక చూసింది. తరవాత నా వంక చూసింది. నేను గుంజని మరీ శ్రద్ధగా తుడిచాను.

కాగితం మీద పెట్టమన్నది కనుక పెట్టేస్తున్నాను. ఆ కడియం నూకాలుది కాదు, కామేశుది. విప్పింది నేను. కడియం ఊడకుండా కొక్కెం ఉంటుంది. సన్నటి సూది ఉంటే, దాన్ని ఏ వైపు తిప్పాలో తెలిస్తే విచ్చుకుంటుంది. పంతొమ్మిదో రోజున కామేశుకి మొదటిసారి జ్వరం తగిలితే నూకాలు వచ్చి, "అన్నియ్యా, ఆడపిల్లలిద్దరూ దాహమంటే నేనేటి పోసేది?" అని ఏడిచింది. మొగుడి కడియం పెళ్లాం చేతికి మార్చి గుంజకి ఆనిస్తే మొగుడి పేరు మీద ఆకుపచ్చ. పెళ్లాం కడియం మొగుడి చేతికి పెడితే పెళ్లాం పేరు మీద నారింజ. మొగుడు జ్వరంతోనే మిల్లుకి పోయి నీళ్లు తెస్తాడు, ఎవరికీ నష్టం లేదు. ఒక్క ఇంటికే చేశాను.

మా తాత ఒకసారి వలలో పడ్డ తాబేలుని జాలిపడి సముద్రంలో వదిలేశాడట. మర్నాటి నుంచి పేటలో ఎవడి వలలో తాబేలు పడినా మోసుకొచ్చి, "నువ్వే వదులు, పుణ్యం నీదే" అని ఆయన గుమ్మంలో పెట్టేవారట. నాకూ అంతే అయింది. ఇవాళ్టికి ముప్పై నాలుగు ఇళ్లు.

48వ రోజు

డాక్టరమ్మ వచ్చి నా పీట మీద కూలబడింది. తొడుగులోంచి చెమట కారుతోంది.

"కరణం సూత్రం మార్చేసుకుంది బాబాయ్. వారం కింది నుంచే ఆడవాళ్లకి ఎరుపు వెలగాలంటే ఊపిరి ఇంకా పడిపోవాలి."

"ఎందుకమ్మా?"

"నారింజ వెలిగిన ఆడవాళ్లు నాలుగో రోజుకల్లా లేచి తిరుగుతున్నారు కనుక. మిల్లులో బస్తాలెత్తే మగాళ్ల ఊపిరిని ఆడవాళ్ల పేర్ల మీద చదివి, ఆడవాళ్లకి ఈ దగ్గు తేలికని తేల్చుకుంది. మగవాళ్లకి జ్వరమే రావడం లేదు కనుక వాళ్లకి వస్తే గండమనుకుంటోంది. నిన్న మూడో పంటులో కాసులమ్మ పోయింది. చచ్చేదాకా నారింజే. వారంలో ఆమె నాలుగో మనిషి."

ఆమె చెప్పుకుపోయింది. సరంగు గారి దగ్గరికి వెళితే, "తెగ తిరుగుతున్నావు డాక్టరమ్మా, కాస్త పడుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నారట. కరణం ఆమె ఫిర్యాదు పక్కన "అలసట. మూడు రోజుల విశ్రాంతి" అని రాసుకుందట.

"తీసుకున్నావా విశ్రాంతి?"

"నా బదులు తిరిగేవాణ్ణి చూపించమన్నాను." ఆమె ముందుకు వంగింది. "కడియాన్ని ఎన్నిసార్లు విప్పారో దాని లోపల లెక్క ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"ఆవలెల్లుండి ఊరి సభ. ఆ లెక్క నువ్వు చూపిస్తే పాత జాబితా కొట్టేయక తప్పదు. సూత్రం వెనక్కి వస్తుంది. నా మాట ఎవరూ వినరు, నీ మాట వింటారు. వస్తావా?"

వస్తానన్నాను. ఎవరు విప్పారని ఆమె అడగలేదు. అది ఆమె మర్యాద.

50వ రోజు

నూకాలు వచ్చింది. చేతిలో ఎండుచేపల పొడి డబ్బా. చెల్లెలు డబ్బాతో వచ్చిందంటే ఏదో అడగడానికి వచ్చిందని యాభై ఏళ్ల అనుభవం.

"కడియం మార్చినోళ్ల ఇంటి గొలుసు కోసేత్తారంట గదా అన్నియ్యా. అంచు వరసలోకి తోసేత్తారంట. పోటొత్తే ఇల్లుంటదా అక్కడ?"

"నీ ఇంటి లెక్క తీసేసి తక్కినవి చూపిస్తానే."

"తక్కినోళ్లు నోట్లో బెల్లమెట్టుకు కూచుంటారేటి? ముందు నా పేరే సెప్తారు."

"ఆ డాక్టరమ్మ పోరాడేది మీ ఆడవాళ్ల కోసమే కదే. రేపు నీకే నిజంగా దగ్గొస్తే?"

"నాకు రాదులే. పాతికేళ్లనించీ మీ బావ గురక ఇంటన్నాను, ఇంకే రోగమూ నన్నేటీ సెయ్యలేదు." కాసేపు నవ్వి, నవ్వు మానేసింది. "నువ్వు పెళ్లి సేసుకునుంటే తెలిసేది, మొగుడి కడియం ఎంత బరువో. నీ కాళ్లట్టుకుంటాను. లేదని సెప్పు."

సాయంత్రం కడియాలు తుడుస్తానని చెప్పి ఇంటింటికీ తిరిగి, ముప్పై నాలుగు లెక్కలూ సున్నా చేశాను. చెల్లెలి కోసమే చేశానని రాసుకుంటే బాగుంటుంది. విప్పినవాడి ఇంటి గొలుసు కూడా కోస్తారన్న సంగతి చెల్లెలు చెప్పకముందే నాకు గుర్తుంది.

51వ రోజు

సభలో సరంగు గారు అడిగారు. "గురన్నా, విప్పిన గుర్తులున్నాయా?"

"లేవండి."

"ఒక్కటీ లేదా?"

"చూసుకోండి."

చూశారు. అన్నీ సున్నాలే. తరవాత ఆడవాళ్లని వరసగా పిలిచి జ్వరం ఎవరికని అడిగారు. "మాకేనండి, మాకేనండి" అన్నారు అందరూ. కొందరైతే ఎక్కడ నొప్పో, ఎన్నాళ్లు పడుకున్నారో కూడా చెప్పారు. మొగుళ్లు వెనక నిలబడి దగ్గు దిగమింగుకున్నారు. సరంగు గారు, "మన డాక్టరమ్మ మంచిదే, కాస్త కంగారు మనిషి" అన్నారు. సభ నవ్వింది.

సువార్త సభ వైపు చూడలేదు. నన్నే చూసింది. "బాబాయ్" అంది, అంతే. పేరు పిలిచి ఊరుకున్నట్టు.

దారంతా నాలో నేను వాదించుకుంటూ వచ్చాను. వాదన నేనే గెలిచాను. ఎదుటి పక్షం లేనప్పుడు నేనెప్పుడూ గెలుస్తాను.

55వ రోజు

నూకాలుకి దగ్గు. ఈసారి దాని సొంత కడియం దాని సొంత చేతికే ఉంది. దీపం నారింజ.

డాక్టరమ్మ వచ్చి వీపు మీద చెవి ఆనించి విన్నది. లేచి నిలబడి, "గురన్న గారూ, వేడినీళ్ల ఆవిరి పట్టండి" అంది. బాబాయ్ అనలేదు. మణికట్టు దగ్గర తొడుగు కుట్టు మళ్లీ ఊడి ఉంది. కుడతానన్నాను. నర్సమ్మ కుడుతుందంది.

56వ రోజు

పొద్దున గంటకి మళ్లీ నారింజే. నూకాలు గోడకి ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరాడడం లేదు. గాలి సీసా పంపమని డాక్టరమ్మ రాసింది. "తేలిక. ఇంటి దగ్గర విశ్రాంతి" అని కరణం జవాబు. మళ్లీ రాసింది. అదే జవాబు, ఈసారి ఇంకా తొందరగా.

నేను కామేశుని పక్కకి లాగాను. అతనికి జ్వరం తగ్గి పది రోజులైంది, మిల్లుకి పోతున్నాడు. "రేపు గంట వేళకి నీ కడియం దాని చేతికి పెట్టు. మగాడి పేరు మీదైతే ఈ ఊపిరికి ఎరుపే. సీసా వస్తుంది."

"నా పేరు మీద ఎరుపెలిగితే నెల్లాళ్లు మిల్లు గేటు తియ్యరు బావా. నీళ్లో?"

"నీ పెళ్లాం రా అది!"

"ఎల్లుండికి తగ్గిపోద్ది. ఆడోళ్లకి తేలికంట గదా. కరణమే సెప్పింది."

అది చెప్పడానికి కారణం నువ్వూ నేనూనురా అనబోయాను. నూకాలు గోడ దగ్గర్నుంచి మా వైపే చూస్తోంది. దానికి అన్నీ వినబడ్డాయి. "ఆరిని ఇబ్బందెట్టకు అన్నియ్యా" అంది. ఆ మూడు మాటలకీ మూడుసార్లు ఆగింది.

57వ రోజు

గుంజ ఆ ఇంటి కడియాలనే చదువుతుంది. నా కడియం పనికి రావాలంటే నూకాలు నా గుంజ దగ్గరికి రావాలి. అప్పాయమ్మ ఒక కొస, డాక్టరమ్మ ఒక కొస, నేను రెండు కాళ్ల వైపూ పట్టుకుని మంచం మీద మోసుకొచ్చాం. గంట కొట్టింది. నా కడియం పెట్టిన దాని చెయ్యి గుంజకి ఆనించాను. ఎరుపు వెలిగింది. పది నిమిషాల్లో పడవలో సీసా వచ్చింది. మూత మీద నా పేరు రాసి ఉంది. సీసా ఎవరి పేరున వస్తే వాళ్ల కడియం ఆనిస్తేనే మూత తెరుచుకుంటుంది. ఆనించాను, తెరుచుకుంది.

డాక్టరమ్మ మాస్కు పెట్టి మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం నూకాలు పోయింది.

"నిన్న వచ్చుంటే బతికేది" అంది డాక్టరమ్మ. నిందిస్తున్నట్టు అనలేదు. నాడి ఇంత ఉందని చెప్పినట్టు చెప్పింది.

సాయంత్రం కరణం ఇలా రాసింది: సూరాడ గురన్న, మగ, 71, సీసా అందింది, కోలుకున్నాడు.

59వ రోజు

సరంగు గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. సూది కూడా బల్ల మీద పెట్టాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. "మొన్న లేవన్నావు, ఇవాళ ఉన్నాయంటున్నావు. ఏ గురన్నని నమ్మమంటావు?"

"ఈ గురన్ననే."

"లెక్క చూపించు."

"చెరిపేశానండి."

"మరింకేం?" నా భుజం తట్టారు. "చెల్లెలు పోయిన బాధలో ఉన్నావు. ఇంటికెళ్లు. గొలుసు సంగతేమీ పెట్టుకోనులే, పెద్దవాడివి." తట్టిన ఆయన చేతి కడియం నా కళ్లముందే ఉంది. కొక్కెం పక్కన సూది గీత. నా చేతి పని కాదు. నా పని చూసి నేర్చుకున్నవాడెవడిదో.

కరణం నా ఫిర్యాదు పక్కన "దుఃఖం" అని రాసుకుంది.

బయట డాక్టరమ్మ ఎదురుపడితే చెప్పాను, నిజం చెప్పేసి వచ్చానని. "ఎవరికి?" అంది. దగ్గొచ్చి ఆగింది. రెండు రోజులుగా ఆమె కడియం కూడా నారింజేనట. తేలికట.

62వ రోజు

కామేశుకి మళ్లీ ఒళ్లు వెచ్చబడింది. పెద్ద జ్వరమేమీ కాదు. ఇంట్లో పెళ్లాం చెయ్యి లేదు కనుక తల్లి దగ్గరికి వచ్చాడు. కడియం మార్చమని నన్నూ పిలిచాడు. నేను రానన్నాను. నేర్చుకున్నవాడొకడు దొరికాడు. అప్పాయమ్మని చెయ్యి చాపమంటే రెండు చేతులూ చంకల్లో దోపుకుంది.

"నా సెయ్యి ఇయ్యను."

"అమ్మా, నీళ్లు సగం అయిపోతాయే!"

"సగమే తాగుదాం. ఆ పిల్లకి ఊపిరి సగమైనప్పుడు నీకు నోరు రాలేదు."

వరసంతా విన్నారు. మధ్యాహ్నానికి వలల దగ్గర ఆడవాళ్లు ఒకచోట చేరారు. ఏం మాట్లాడుకున్నారో నన్ను దగ్గరికి రానివ్వలేదు. రానిచ్చినా, నమ్మి చెప్పదగ్గ మనిషిని కాను.

63వ రోజు

పొద్దున గంట కొట్టినప్పుడు ఒక్క ఆడమనిషి కూడా మొగుడి కడియం పెట్టుకోలేదు. ఎవరి కడియం వాళ్ల చేతికి. ముప్పై నాలుగు గుంజల దగ్గర మగవాళ్లు నిలబడ్డారు. పంతొమ్మిది నారింజలు వెలిగాయి. ఏడో పంటులో అన్ని దీపాలు ఒక్కసారి వెలగడం నేనెప్పుడూ చూడలేదు. మిల్లు ఆగిపోయింది.

డాక్టరమ్మ దగ్గుతూనే గబగబా వచ్చింది. వారమై ఆమె ముఖంలో చూడని కళ. "ఇంక కాదనడానికి లేదు" అంది నర్సమ్మతో. "పాత జాబితా అబద్ధమని కరణానికే తెలిసిపోతుంది. సాయంత్రానికి సూత్రం మారుతుంది." నాతో అనలేదుగాని నేను వినేంత గట్టిగానే అంది. నాకూ ఆశ పుట్టింది. మూడో పంటులో ముగ్గురు ఆడవాళ్లు ఊపిరందక గోడలకి ఆనుకుని ఉన్నారు.

64వ రోజు

కరణానికి తెలిసింది ఇది: మగవాళ్లకి అరుదుగా వచ్చే జ్వరం ఒక్కసారి పంతొమ్మిది మందికి వచ్చింది. గండం. అత్యవసరం. ఆడవాళ్ల సూత్రం జోలికి పోలేదు. ఏడు పంట్లలో ఉన్న సీసాలన్నీ పంతొమ్మిది పేర్లు రాసి మా వరసకి పంపింది.

పడవ ఆగగానే డాక్టరమ్మ పేర్లు చదువుకుంది. మూడో పంటు వాళ్లవి ఒక్కటీ లేవు. తెర మీద సరంగు గారిని పిలిచింది.

"వీళ్లకి ఒళ్లు వెచ్చబడిందంతే. అక్కడ ముగ్గురు చచ్చిపోతున్నారండి."

"జాబితా ప్రకారం పెట్టేయమ్మా. మొన్నటిదాకా నువ్వే కదా, రోగం ఉన్నవాళ్లని చూడమన్నావు."

మొదటి పేరు కామేశుది. డాక్టరమ్మ సీసా ఎత్తుకుని వెళ్లి అతని ముందు కూర్చుంది. వెనక నేను నిలబడ్డాను.

"నీకిది అక్కర్లేదయ్యా. కడియం ఆనించి మూత తెరువు చాలు. నేను మూడో పంటుకి పట్టుకుపోతాను."

కామేశు సీసా మీద రాసింది వేలితో తడిమి చూశాడు. "నా పేరు మీదొచ్చింది గదండీ" అన్నాడు.

అతను గంజి తాగుతున్నాడు. డాక్టరమ్మ అతను తాగడం అయ్యేదాకా ఆగింది. గిన్నె పక్కన పెట్టి అతను కడియం ఆనించాక, అతని ముఖానికే మాస్కు పెట్టి, తల వెనక పట్టీ బిగించింది.